మొదటి టాలర్ కొనేముందు: పాత జర్మన్ వెండి నాణేలు సేకరించడం ఎలా

“అన్నా, ఇది ఒరిజినలేనా? ఎంత పలుకుతుంది?” అంటూ నాకొచ్చే ఫొటోల్లో సగానికి పైగా ఒకటే నాణెం ఉంటుంది. బొమ్మ వైపు తలకి ముసుగేసుకున్న బొద్దుపాటి రాణి, బొరుసు వైపు మన గండభేరుండంలాంటి రెండు తలల పక్షి, చివర్లో 1780. అది మరియా థెరీసా టాలర్. టాలర్ అంటే ఆనాటి పెద్ద వెండి నాణెం, మరియా థెరీసా అంటే ఆస్ట్రియాని ఏలిన రాణి. ఆవిడ 1780లోనే పోయింది. కానీ ఆ నాణెం అరబ్ దేశాల్లో, ఇథియోపియాలో ఎంతగా చెల్లిందంటే, ఆవిడ పోయాక కూడా అదే బొమ్మతో, అదే సంవత్సరంతో కొడుతూనే వచ్చారు. వియన్నాలో ఇప్పటికీ కొడుతున్నారు. మధ్యలో లండన్, పారిస్, రోమ్ టంకసాలలు కొట్టాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మన బొంబాయి టంకసాల కూడా కొట్టింది. కాబట్టి దాని మీదున్న 1780 మీకు వయసు చెప్పదు. వెండి మాత్రం నిజమే: 28 గ్రాముల పైచిలుకు బరువు, వెయ్యికి 833 పాళ్లు వెండి. కొనేసి ఉంటే బాధపడకండి, వెండి ధరకి కాస్త అటూ ఇటూగా కొని ఉంటే నష్టం లేదు. “రెండొందల యాభై ఏళ్ల నాటిది” అని మూడింతలు పెట్టి ఉంటే మాత్రం ఈ కింద రాసిందంతా మీకోసమే.

నేను చెప్పబోయేది సుమారు 1500 నుంచి 1800 వరకు జర్మన్ రాజ్యాల్లో కొట్టిన వెండి నాణేల గురించి. ఆ రోజుల్లో జర్మనీ అంటూ ఒక్క దేశం లేదు. ప్రతి డ్యూకూ, ప్రతి పెద్ద బిషప్పూ, కొన్ని నగరాలూ సొంత టంకసాల నడిపాయి. అందుకే రకాలు లెక్కలేనన్ని, అయోమయం కూడా అంతే. చాలామంది నేరుగా పెద్ద టాలర్‌తో మొదలుపెట్టి దెబ్బతింటారు. నాణెం చదవడం, తూచడం వచ్చాకే టాలర్ జోలికి వెళ్లండి. అందుకు నాలుగైదు నెలలు చాలు.

ఏమేం కావాలి

0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు. దాంతోపాటు ఒక 50 గ్రాముల తూకంరాయి కూడా కొనండి, ఎందుకంటే త్రాసే తప్పు చూపిస్తే మిగతాదంతా తప్పే. నగల కొట్లో కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం. ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్ (ఇనుపదైతే నాణేనికి గీతలు పడతాయి). చిన్న నియోడిమియం అయస్కాంతం. ఒక గాజు గ్లాసు, సన్నటి నైలాన్ దారం. ఎటు కావాలంటే అటు వంచుకునే టేబుల్ లైటు. ఒక నోటుబుక్కు.

గీటురాయి, యాసిడ్ చుక్కల సీసా అక్కర్లేదు. కంసాలి దగ్గరికి తీసుకెళ్లి గీయించకండి కూడా. టంచు తెలుస్తుందేమో గానీ, ఆ గీత వల్ల పోయిన విలువ తిరిగి రాదు.

1. ఒక్క రాజ్యాన్ని పట్టుకోండి

“జర్మన్ నాణేలు సేకరిస్తున్నాను” అంటే సముద్రాన్ని చెంబుతో తోడుతున్నట్టే. ఒక ప్రాంతం, ఒక శతాబ్దం తీసుకోండి. కొత్తవాళ్లకి నేను చెప్పేది సాక్సనీ, అందులోనూ యోహాన్ గెయోర్గ్ 1 కాలం. ఆయన ఏలుబడి 1656 దాకా సాగింది. గనుల వెండి దండిగా ఉండేది కాబట్టి డ్రెస్డెన్ టంకసాల టాలర్లు విరివిగా కొట్టింది. విరివిగా కొట్టారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి, పోల్చి చూసుకోవడానికి వేలం ఫొటోలూ బోలెడు. ఆయన బొమ్మ గుర్తుపట్టడం తేలిక: కవచం తొడుక్కుని, భుజం మీద కత్తి ఆనించుకుని, పక్కన శిరస్త్రాణం.

బొమ్మల సరదా ఉన్నవాళ్లకి హార్జ్ కొండల బ్రౌన్‌ష్వైగ్ నాణేలు బాగుంటాయి. వాటి మీద అడవి మనిషి ఉంటాడు: ఒళ్లంతా జుట్టు, నడుముకి ఆకులు, చేతిలో వేళ్లతో సహా పెరికిన చెట్టు. యూలియస్ డ్యూక్ కాలంలో ఆ అడవి మనిషి చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చారు. పరులకి పనికొస్తూ నేను కరిగిపోతున్నాను అన్నది ఆ డ్యూక్ నినాదం. ఆయన కొడుకు హైన్రిష్ యూలియస్ అయితే తన ప్రభువంశీకులతో గొడవలన్నీ నాణేల మీదే తీర్చుకున్నాడు. 1599 టాలర్ మీద సింహం చుట్టూ కందిరీగలు ముసురుతుంటాయి. చూడముచ్చటగా ఉంటాయి గానీ ఖరీదైనవి, నకిలీలు ఎక్కువ. మొదటి ఏడాది ఫొటోల్లోనే చూసుకోండి.

ఇక యోహాకిమ్‌స్టాల్ నాణేలు. టాలర్ అన్న పేరుకి మూలం అవే, డాలర్ కూడా అక్కడి నుంచే వచ్చింది. 1520 ప్రాంతంలో ష్లిక్ ప్రభువులు కొట్టించారు, ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో యాఖిమోవ్. అసలువి కొనే స్తోమత నాకు లేదు. సంతలో 80 యూరోలకి దొరికిందని ఎవరైనా చెప్తే అది అసలుది కాదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

2. చిల్లరతో చెయ్యి తిప్పుకోండి

గ్రోషెన్, క్రోయ్‌ట్సర్, ఫెన్నిగ్: ఇవీ ఆనాటి చిల్లర. సాధారణ రకం గ్రోషెన్లు పది ఇరవై యూరోల నుంచి దొరుకుతాయి. అవి ఒక పది కొనండి. వీటి మీద తప్పు చేసినా పోయేది ఒక పూట హోటల్ బిల్లు. పైగా అంత చవక వస్తువుకి నకిలీ చేసే శ్రమ ఎవరూ పెద్దగా తీసుకోరు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. చాలా చిల్లర నాణేల మీద శిలువ ఉన్న గోళం, దాని లోపల 24 అని ఉంటుంది. లేదా “24 ఐనెన్ టాలర్” అని మూడు వరసల్లో రాసి ఉంటుంది. దాన్ని 24 టాలర్లు అని చదువుకుని సంబరపడినవాళ్లని చూశాను. దాని అర్థం తిరగేసి: ఇలాంటివి 24 కలిస్తే ఒక టాలర్. 12 అంటే పన్నెండో వంతు, 3 అంటే మూడో వంతు.

గోళంలో 60 ఉండి నాణెం పెద్దదైతే అది వేరే కథ. 1559 నాటి సామ్రాజ్య నాణేల చట్టం ప్రకారం కొట్టిన గుల్డెన్ టాలర్ అది, 60 క్రోయ్‌ట్సర్ల విలువ. బరువు 24.6 గ్రాములే ఉంటుంది. “టాలర్ అంటే 29 ఉండాలి కదా, నకిలీ!” అని వాపసు పంపేయకండి.

3. నాణెం చదవడం నేర్చుకోండి

అక్షరాలు లాటిన్, అదీ ముక్కలు ముక్కలుగా. భయపడక్కర్లేదు, ఒక ఇరవై ముక్కలు తెలిస్తే సగం నాణేలు చదివేయొచ్చు. బొమ్మ తల దగ్గర, పన్నెండు గంటల చోటు నుంచి గడియారం ముల్లు తిరిగినట్టు చదవండి.

యోహాన్ గెయోర్గ్ టాలర్‌నే తీసుకుందాం. బొమ్మ వైపు ఇలా ఉంటుంది: యోహాన్. గెయోర్గ్. డి. జి. డుక్స్ సాక్స్. యుల్. క్లివ్. ఎట్ మోంటి. మొదట పేరు. తరవాత ‘డి. జి.’ అంటే దేవుడి దయవల్ల. ‘డుక్స్ సాక్స్’ అంటే సాక్సనీ డ్యూక్. మిగతావి యూలిష్, క్లేవే, బెర్గ్ అనే ప్రాంతాలు. అవి ఆయన చేతిలో లేవు, నావే అని దావా మాత్రం వేశాడు. నాణెం మీద రాయించుకుంటే కాదనేదెవరు! బొరుసు వైపు: సా. రోమ్. ఇంప్. ఆర్కిమ్. ఎట్ ఎలెక్ట్. పవిత్ర రోమన్ సామ్రాజ్యపు ప్రధాన మార్షల్, చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్నవాడు అని.

ఇప్పుడు సంవత్సరం పక్కనో, డాలు కిందో చిన్న అక్షరాలు వెతకండి. అవి టంకసాల అధికారి గుర్తు. డ్రెస్డెన్‌లో 1624 వరకు హంస బొమ్మ, ఆ తరవాత 1635 దాకా హెచ్. ఐ., 1640 దాకా ఎస్. డి., అక్కణ్నుంచి 1678 దాకా సి. ఆర్. ఉంటాయి. ఈ ఒక్క చిన్న గుర్తు నకిలీగాళ్లని చాలాసార్లు పట్టిస్తుంది. 1650 అని ఉండి పక్కన హంస ఈదుతుంటే ఆ నాణేన్ని ఉన్నచోటే వదిలేయండి.

అక్షరాలు అరిగిపోయిన నాణెమైతే బొమ్మలే దిక్కు. అడ్డంగా పెట్టిన రెండు కత్తులు సాక్సనీ. బండి చక్రం మైంట్స్ ఆర్చిబిషప్. పైన్ చెట్టు కాయ ఆగ్స్‌బర్గ్. మూడు బురుజుల కోట హాంబర్గ్. వజ్రాకారపు గళ్లు బవేరియా. దూకుతున్న గుర్రం బ్రౌన్‌ష్వైగ్. రెండు తలల పక్షి ఒక్కటే ఉంటే తొందరపడకండి, చాలా స్వేచ్ఛా నగరాలు ఒకవైపు చక్రవర్తి పక్షిని, రెండోవైపు తమ ఊరి గుర్తును వేసుకున్నాయి.

సరిగ్గా చదివారా లేదా తేల్చుకోవడానికి బెర్లిన్ నాణేల మ్యూజియం ఆన్‌లైన్ కేటలాగు ఉంది, న్యూమిస్టా అనే నాణేల వెబ్‌సైటు ఉంది. టాలర్లకి డావెన్‌పోర్ట్ కేటలాగు నంబరు అని ఒకటుంటుంది, అమ్మేవాళ్లు ‘డావ్.’ అని రాస్తారు. ఆ నంబరుతో వెతికితే అదే రకం నాణేలు వరసగా కనిపిస్తాయి. చిల్లరకి ఆ నంబరు ఉండదు, వాటికి కె. ఎమ్. (క్రౌజ్-మిష్లర్ కేటలాగు) నంబరు చూడండి.

4. ప్రకటన చదవడం వేరే విద్య

జర్మన్ అమ్మకందార్లు సాధారణంగా లోపాలు దాచరు, రాసేస్తారు. చదవడం రాకపోతే తప్పు మనదే.

మొదట స్థాయి. కింద నుంచి పైకి: గెరింగ్, ష్యోన్, జేర్ ష్యోన్, ఫోర్‌ట్స్యూగ్లిష్, ష్టెంపెల్‌గ్లాన్స్. జర్మన్ మొదటి క్లాసులో ష్యోన్ అంటే అందమైనది అని నేర్పిస్తారు. నాణేల భాషలో ష్యోన్ అంటే బాగా అరిగిపోయినది! ముక్కు, కళ్లు పోయి ముఖం తాలూకు నీడ మాత్రం మిగిలి ఉంటుంది. టాలర్ కొంటే జేర్ ష్యోన్‌కి తగ్గకండి. ప్రకటనల్లో దాన్ని రెండు ఎస్ అక్షరాలతో రాస్తారు.

తరవాత లోపాల మాటలు. గెలోఖ్ట్ అంటే చిల్లు పడింది. గెష్టోప్ఫ్‌ట్ అంటే చిల్లు పూడ్చారు. గెరైనిగ్ట్ అంటే కడిగారు, పోలియర్ట్ అంటే మెరుగు పెట్టారు. హెంకెల్‌ష్పూర్ అంటే కొంకి పెట్టిన జాడ. ఈ చివరిది మనవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మన ఇళ్లలో గొలుసుకి వేలాడే బిళ్లని డాలరు అంటాం కదా, అక్కడ నిజంగానే టాలర్‌కి కొంకి అతికించి మెళ్లో వేసుకున్నారు. బవేరియా మగవాళ్లు ఇప్పటికీ తోలు లాగు మీద వెండి నాణేల గొలుసు వేసుకుంటారు, మన కాసులపేరు నడుముకి దిగినట్టు. తరవాత ఎవరో కొంకి పీకి, టంకం గీకి, మామూలు నాణెంలా అమ్ముతారు. అలాంటిదాని ధర సగానికి పడిపోతుంది, కొన్నిసార్లు ఇంకా కిందికి. నిలువు ఫొటోలో పన్నెండు గంటల చోట అంచు చదునుగా, చుట్టుపక్కల కంటే తెల్లగా కనిపిస్తే అదే.

వీటికి భిన్నంగా, భయపడక్కర్లేని మాటలు కొన్ని ఉన్నాయి. యుస్టియర్‌ష్పూరెన్ అంటే ఆకురాయి గీతలు. బిళ్ల బరువు ఎక్కువుంటే అచ్చు కొట్టేముందు టంకసాలలోనే ఆకురాయితో రాకేవారు, ఆ గీతలవి. ష్రోట్‌లింగ్స్‌ఫేలర్ అంటే బిళ్లలోనే ఉన్న పగులో సొట్టో. ప్రేగెష్వేఖె అంటే అచ్చు సరిగా పడలేదు. ఇవన్నీ పుట్టుమచ్చలు. అందం తగ్గుతుంది గానీ అసలుతనానికి ఇవే సాక్ష్యం. చక్రాల యంత్రంతో కొట్టిన నాణెం కొంచెం కోలగా, అప్పడంలా కాస్త వంగి కూడా ఉండొచ్చు. దాన్ని తిన్నగా చేయాలని చూడకండి.

కోపీ, రెప్లిక్, నాఖ్‌ప్రేగుంగ్, నోయ్‌ప్రేగుంగ్: ఈ నాలుగింటిలో ఏది కనిపించినా పక్కకి జరగండి. అవి ఈమధ్య చేసిన ప్రతులు. కొన్నిటికి అంచు మీద 999 అని వెండి పాళ్లు చెక్కి ఉంటుంది. 17వ శతాబ్దంలో ఎవరూ అలా చెక్కలేదు.

5. ఎక్కడ కొనాలి, ఎంతకి

మొదటి టాలర్ సంతలో కొనకండి. ఎంత బేరమాడినా సరే. అసలుది కాకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీద రాసిచ్చే నాణేల వ్యాపారి దగ్గరో, వేలం సంస్థలోనో కొనండి. పది యూరోలు ఎక్కువైనా ఆ కాగితం విలువ అంతకంటే ఎక్కువ.

ధర తెలుసుకోవాలంటే అమ్మకానికి పెట్టిన ధరలు చూడొద్దు, అమ్ముడైన ధరలు చూడండి. పాత వేలాల రికార్డులు ఎసీసెర్చ్ లాంటి వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అదే పాలకుడు, అదే టంకసాల, అదే స్థాయి ఉన్న అయిదు అమ్మకాలు తీసి మధ్యలోది మీ ధర అనుకోండి. వేలంలో పాడేటప్పుడు పాట మీద సంస్థ కమిషన్ కూడా కలుస్తుంది, తరచూ అది అయిదో వంతు, అంతకు మించి కూడా. కమిషన్, పన్ను, పోస్టు ఖర్చు కలిపి లెక్కేసుకున్నాకే చెయ్యెత్తండి. నా మొదటి వేలంలో 140కి గెలిచానని గంతులేసి, బిల్లు చూసి కూలబడ్డాను.

6. ఇంటికొచ్చాక పరీక్ష

ఈ మెట్టు మాత్రం ఎవరెంత నమ్మకస్తుడైనా వదలొద్దు. వాపసు గడువు లోపలే చేయండి.

ముందు బరువు. తూకంరాయితో త్రాసు సరిచూసి, నాణేన్ని మూడుసార్లు తూచి రాసుకోండి. 1566 నుంచి రైఖ్స్‌టాలర్ (సామ్రాజ్యమంతటికీ ఒకే కొలత టాలర్) చట్టబద్ధమైన బరువు 29.23 గ్రాములు, అంటే దాదాపు రెండున్నర తులాలు. అరుగుదల పోను 28.3 నుంచి 29.3 మధ్య ఉంటే సంతోషం. 1753 నుంచి ఆస్ట్రియా, బవేరియా ఒప్పందంతో వచ్చిన కన్వెన్షన్ టాలర్ 28.06. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1750లో దించిన టాలర్ 22.27 మాత్రమే. సాక్సనీ, బ్రాండెన్‌బర్గ్ ప్రాంతాల్లో 1690 తరవాతి మూడింట రెండొంతుల టాలర్ 17.3. అదే విలువకి హార్జ్ గనుల శుద్ధ వెండితో కొట్టినవి 13 గ్రాములే ఉంటాయి, వెండి మాత్రం రెండింటిలోనూ ఒకటే. మీ నాణెం ఏ జాతిదో తేల్చుకోకుండా బరువు పోల్చకండి.

రెండోది అయస్కాంతం. నాణేన్ని వాలుగా పట్టుకుని మీద నుంచి అయస్కాంతాన్ని జార్చండి. వెండి మీద అది తేనెలో జారినట్టు నింపాదిగా దిగుతుంది. టక్కున అతుక్కుంటే ఇనుము. రాయి మీద జారినట్టు సర్రున పడిపోతే అనుమానించండి. ఇది నకిలీని పట్టిస్తుంది గానీ అసలుదని సర్టిఫికెట్ ఇవ్వదు.

మూడోది అంచు. అందరూ బొమ్మా బొరుసూ చూస్తారు, అంచు చూడరు. లైటు కింద భూతద్దంతో అంచు చుట్టూ ఒక చుట్టు తిరగండి. మధ్యలో సన్నటి గీత గుండ్రంగా సాగితే రెండు సగాలు అతికించారన్నమాట, లేదా పోత అచ్చు కీలు. పోత నాణెం మీద మైదానమంతా (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం) సూది మొనంత గుంటలు, అక్షరాల మూలలు సబ్బు అరిగినట్టు మొద్దుగా ఉంటాయి. అచ్చు కొట్టిన నాణెంలో అరిగినా సరే, అక్షరం గోడ నిట్టనిలువుగా దిగుతుంది.

నాలుగోది నీళ్ల పరీక్ష, నాకు అన్నిటికంటే నమ్మకమైనది. గ్లాసులో సగం నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కి, గోడకి తగలకూడదు, మీద గాలి బుడగ ఉండకూడదు. అప్పుడు త్రాసు చూపే అంకెతో పొడి బరువును భాగించండి. నా దగ్గరున్న 1638 టాలర్ పొడిగా 28.86, నీళ్లలో 2.80. భాగిస్తే 10.3. వెయ్యికి 889 పాళ్ల వెండి, మిగతా రాగి అయితే రావాల్సింది సరిగ్గా అదే. కన్వెన్షన్ టాలర్‌కి 10.2, ప్రష్యా టాలర్‌కి 10.06 దగ్గర రావాలి.

ఒకప్పుడు ఒక పాతసామాన్ల సంతలో 60 యూరోలకి నేను కొన్న ‘టాలర్’ కూడా ఇంట్లోనే ఉంది. కొలత సరిగ్గా ఉంది, బొమ్మ బాగుంది, నలుపు కూడా నమ్మదగ్గట్టే ఉంది. బరువు 23.6. “గట్టిగా అరిగిందిలే” అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బొమ్మ అరగకుండా అయిదు గ్రాములు ఎలా అరుగుతుందని ఆ పూట తట్టలేదు. నీళ్లలో ముంచితే 2.74 చూపించింది. భాగిస్తే 8.6. అంటే మీద వెండి పూత, లోపల ఇత్తడి.

రెండు హెచ్చరికలు. ఒకటి, ఈ పరీక్ష గ్రోషెన్‌కి పనికిరాదు. రెండు గ్రాముల నాణెం నీళ్లలో 0.19 చూపిస్తుంది, త్రాసు ఒక్క అంకె అటూ ఇటూ అయినా లెక్క తలకిందులు. రెండు, 1619 నుంచి 1623 మధ్య నాణేలు తక్కువ వెండితో తేలితే నకిలీ అనుకోవద్దు. ముప్పై ఏళ్ల యుద్ధం మొదట్లో పాలకులే రాగి కలిపిన నాణేలు కొట్టి జనం మీదకి వదిలారు. త్రాసులో వేసి బరువైన మంచి నాణేలు ఏరుకుని, కరిగించి, మళ్లీ కల్తీగా కొట్టేవారు. ఆ కాలానికే కిప్పర్ విప్పర్ అని పేరు. అప్పటి కల్తీ నాణెం ఇప్పుడు అసలు సరుకు.

నాలుగు పరీక్షల్లో ఒకటి తేడా వచ్చినా వాపసు పంపండి. “మిగతా మూడూ బాగానే ఉన్నాయి కదా” అని సర్దుకోకండి.

7. కడగకండి

మా అమ్మ రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు నా బల్ల మీద నల్లగా ఉన్న గ్రోషెన్లు చూసింది. “ఇంత మకిలి పట్టిన వెండిని ఎవరైనా ఇలా ఉంచుతార్రా?” అని, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి విభూతితో ఒకటి తోమి, తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టింది. 1625 నాటిది. కొత్త మట్టెలా తళతళలాడుతోంది. ఆవిడ ముఖంలో ఆ ఆనందం చూశాక ఏమీ అనలేకపోయాను.

ఆ గ్రోషెన్‌ని అమ్మలేదు. మీరూ ఇంట్లో అలాంటిదొకటి పాడైతే ఉంచుకోండి, కళ్లకి తర్ఫీదుగా పనికొస్తుంది. లైటు పక్కనుంచి వేసి, తోమని నాణెం పక్కన పెట్టి చూడండి. తోమినదాని మైదానంలో వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిక్కుకి వెళ్తుంటాయి. మెరుపు గాజులా చదునుగా ఉంటుంది, నాణేన్ని తిప్పినా కదలదు. అక్షరాల మూలల్లో మాత్రం నలుపు మిగిలిపోతుంది. ఈ తేడా ఒకసారి కంటికి పడితే ప్రకటనలో కడిగారని రాయకపోయినా ఫొటోలోనే తెలిసిపోతుంది.

చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు, ఇత్తడి తోమే పొడి, అల్యూమినియం రేకులో వంటసోడా: ఏదీ వద్దు. మట్టి ఉంటే మరిగించి చల్లార్చిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద అద్దండి. పాత ప్లాస్టిక్ కవరు వల్ల ఆకుపచ్చ జిగురు పట్టి ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచొచ్చు, గాజు గిన్నెలో, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. గోళ్ల రంగు తీసే ద్రవం అసిటోన్‌కి బదులు కాదు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు.

8. దాచడం

మెత్తగా, వాసనొచ్చే పీవీసీ కవర్లలో పెట్టొద్దు. ఆ ఆకుపచ్చ జిగురు పుట్టేది అక్కడే. గట్టి ఆక్రిలిక్ డబ్బీలు వాడండి, పీవీసీ లేని కవర్లయినా సరే. రబ్బరు బ్యాండు దగ్గరికి రానివ్వకండి, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడలాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లు డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి, నాలుగు నెలలకోసారి మార్చండి. పట్టుకునేటప్పుడు అంచు మీదే వేళ్లు, కింద ఒక మెత్తటి తువ్వాలు.

9. ఇండియాకి తెచ్చేవాళ్లకి

బయటి దేశాల్లో ఉన్నవాళ్లు సెలవులకి వచ్చేటప్పుడు “చూపిద్దాం” అని జేబులో వేసుకొస్తారు. రావడం సరే, మళ్లీ తీసుకెళ్లేటప్పుడే చిక్కు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మన దేశంలో 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువు లెక్కలోకి వస్తుంది, మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. ఇది జర్మన్‌దండీ అని ఎయిర్‌పోర్టులో వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. ఫొటోలు చూపించండి చాలు. ఇండియాలో ఉండి వేలంలో కొనేవాళ్లు పాడేముందే రెండు విషయాలు కనుక్కోండి: జర్మనీ నుంచి పంపడానికి కాగితాలేమైనా కావాలా, ఇక్కడ కస్టమ్స్‌లో ఎంత పడుతుంది. మొదటిది వేలం సంస్థని ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు రాతలో ఉంటుంది.

10. చీటీ రాయండి

ప్రతి నాణేనికి చిన్న చదరపు చీటీ: పాలకుడు, టంకసాల, సంవత్సరం, అధికారి గుర్తు, బరువు, వెడల్పు, నీళ్ల పరీక్షలో వచ్చిన అంకె, ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి కొన్నారు. బిల్లు ఫొటో ఫోన్‌లో, బిల్లు ఫైల్లో.

నాణెంతోపాటు పాత చీటీ వస్తే, అది ఎంత చిరిగిపోయినా, మీకు ఒక్క అక్షరం అర్థం కాకపోయినా పారేయకండి. పాత జర్మన్ చేతిరాతలో ఉన్నది చాలాసార్లు వందేళ్ల కిందటి సేకర్త రాసుకున్న బరువూ, కొన్న తేదీనే. ఆ బరువు మీ త్రాసు చూపే బరువుతో పోల్చి చూడండి. నా 1638 టాలర్ చీటీ మీద 28.9 అని ఉంది.